ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు ఉండనిస్తారు? వీసా ఎంచుకునే ముందు ఇది చూస్కోండి

సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడల్లా మా బ్రాడీపేట ఇంట్లో ఇదే వరస. భోజనాలయ్యాక ఎవరో ఒక పెదనాన్నో పక్కింటి ఆంటీయో పక్కకి పిలిచి "మావాడు బయటికెళ్దామంటున్నాడు, ఏ దేశం మంచిది నాన్నా" అని అడుగుతారు. నేను జర్మనీలో ఉంటాను, మా చెల్లి వాళ్ళు అమెరికాలో, మా పిన్ని కొడుకు దుబాయ్‌లో, అందుకని మా ఇంట్లో అడిగితే మూడు దేశాల సంగతీ ఒక్కచోటే తెలిసిపోతుందని అందరి నమ్మకం.

ఇదివరకు నేనూ అందరిలాగే జీతం ఎంత, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఎప్పుడొస్తుంది, చలి ఎంతుంటుంది ఇవే చెప్పేవాడిని. 2023లో మా చెల్లెలి భర్త ఉద్యోగం పోయింది, ఏడాది తిరక్కుండా నాదీ పోయింది. ఇద్దరం చేసేది ఒకే రకం పని, అనుభవం కూడా ఇంచుమించు ఒకటే. కానీ వాళ్ళకి హెచ్1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే అమెరికా ఉద్యోగ వీసా) మీద 60 రోజులే టైము, ఇద్దరు పిల్లల స్కూలు, ఇంటి లీజు, కారు లోను అన్నీ పెట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ మా చెల్లి అమ్మకి ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేసేది. నాకు మాత్రం బ్లూ కార్డు (జర్మనీలో నిపుణులైన ఉద్యోగులకిచ్చే పర్మిట్), మూడు నెలల నోటీసు జీతం వచ్చింది, అది అయ్యాక వెతుక్కోడానికి ఇంకో మూడు నెలలు, అప్పటికే ఏడాదికి పైగా పనిచేసి ఉన్నాను కాబట్టి నిరుద్యోగ భృతి కింద చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. నిద్ర పట్టకపోవడం నాకూ ఉంది, కాకపోతే సామాన్లు సర్దాల్సిన పరిస్థితి రాలేదు. అప్పట్నుంచి ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే, దేశం సంగతి తర్వాత చూద్దాం, ఉద్యోగం పోయిన రోజున ఆ వీసా మిమ్మల్ని ఎన్నాళ్ళు ఉండనిస్తుందో ముందు అది చెప్పండి.

ఈ ఒక్క ప్రశ్నకి దేశాలన్నీ ఒక వరసలోకి వచ్చేస్తాయి. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే 30 రోజులు. అమెరికా హెచ్1బీ 60 రోజులు. యూకే స్కిల్డ్ వర్కర్ కూడా మామూలుగా 60 రోజులే ఇస్తారు. జర్మనీ బ్లూ కార్డు మూడు నెలలు, రెండేళ్ళు దాటి ఉంటే ఆరు నెలలు. ఐర్లాండ్‌లో క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద ఉండి కంపెనీయే పొమ్మంటే ఆరు నెలలు. ఆస్ట్రేలియా స్పాన్సర్ వీసా మీద ఒకసారికి 180 రోజులు, మొత్తం కలిపి 365 రోజులు, ఇది 2024 జులై నుంచి పెంచారు. కెనడా పీఆర్ గానీ ఆస్ట్రేలియా 189 (పాయింట్ల మీద వచ్చే పీఆర్ వీసా) గానీ చేతిలో ఉంటే అసలు ఈ లెక్కే లేదు, ఉద్యోగం ఉన్నా పోయినా మీరు అక్కడ ఉండొచ్చు. అంటే వీసా మీ కంపెనీ చేతిలో ఉందా, మీ పాయింట్ల మీద మీకే వచ్చిందా, లేక మీరు పెట్టిన డబ్బు మీద నడుస్తుందా, ఈ మూడింటిలో ఏదో చూస్కుంటే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

అమెరికా సంగతి ముందు చెప్పేస్తా, ఎందుకంటే మన గుంటూరు, విజయవాడల్లో ఎన్ని చెప్పినా చివరికి అక్కడికే వస్తారు. హెచ్1బీ ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000, అంతే. మార్చిలో లాటరీ, అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. 2025 సెప్టెంబర్‌లో మారింది ఏంటంటే, దేశం బయట ఉన్నవాళ్ళకి కొత్తగా పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంట్లో కూర్చుని ఉన్న కుర్రాడి కోసం ఏ కంపెనీ అంత కడుతుందో ఆలోచించండి, అందుకే ఇండియా నుంచి నేరుగా హెచ్1బీ అనే దారి మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి దాదాపు మూసుకుపోయినట్టే అనుకోండి. దానికి తోడు 2026 నుంచి లాటరీ కూడా అందరికీ సమానం కాదు, జీతం లెవెల్ ఒకటిలో ఉన్నవాళ్ళకి ఒక చీటీ, లెవెల్ నాలుగులో ఉన్నవాళ్ళకి నాలుగు చీటీలు.

వచ్చినా ఆరేళ్ళు, ఆ తర్వాత గ్రీన్ కార్డు లైను. ఒక్కో దేశానికి 7 శాతం అనే రూలు వల్ల మనవాళ్ళకి ఈబీ2లో (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల గ్రీన్ కార్డు లైను) పన్నెండేళ్ళకి పైగా వెయిటింగ్ ఉంది. ఇది చెప్తే "పర్లేదులే, అక్కడ జీతం బాగుంటుందిగా" అంటారు. జీతం బాగుంటుంది నిజమే. కానీ మీ ఆవిడకి కూడా ఉద్యోగం ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి, హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పనిచేయాలంటే మామూలుగా మీ ఐ140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయ్యి ఉండాలి, అప్పటిదాకా ఆమె ఇంట్లోనే. మా చెల్లి ఇక్కడ బ్యాంకులో పనిచేసింది, అక్కడ నాలుగేళ్ళు ఖాళీగా ఉంది, ఆ నాలుగేళ్ళు ఆమెకి ఎవరు తిరిగిస్తారు? ఇంకోటి, పిల్లాడికి 21 వచ్చేలోపు గ్రీన్ కార్డు రాకపోతే వాడు డిపెండెంట్ వీసా నుంచి బయటికి పోతాడు, మళ్ళీ వాడి స్టూడెంట్ వీసా వాడు చూస్కోవాలి. ఆరేళ్ళ పిల్లాడిని తీసుకెళ్ళేటప్పుడు ఇది ఎవరికీ తట్టదు.

అమెరికానే కావాలి అనుకుంటే నా దృష్టిలో ఎల్1 మెరుగు. మీరు పనిచేసే కంపెనీకి అక్కడ ఆఫీసు ఉండి, గత మూడేళ్ళలో ఒక ఏడాది ఇక్కడ ఆ కంపెనీలో చేసి ఉంటే చాలు, లాటరీ లేదు, లిమిట్ లేదు. మేనేజర్ స్థాయి అయితే ఎల్1ఏ, ఏడేళ్ళు, స్పెషల్ నాలెడ్జ్ అయితే ఎల్1బీ, ఐదేళ్ళు. పైగా ఎల్2 మీద వెళ్ళిన భార్యకో భర్తకో 2021 నవంబర్ నుంచి విడిగా పర్మిషన్ తీసుకోకుండానే ఉద్యోగం చేసుకునే వీలుంది. కాబట్టి ఉద్యోగం మారేటప్పుడు ఇక్కడే మల్టీనేషనల్‌లో చేరి రెండేళ్ళు ఓపిక పట్టమని నేను చెప్తా, కన్సల్టెన్సీలో చేరి లాటరీకి మొక్కుకోడం కన్నా అది నయం. పేపర్లు, పేటెంట్లు, అవార్డులు గట్టిగా ఉన్నవాళ్ళకి ఓ1 ఉంది, దానికీ లాటరీ లేదు, కాకపోతే అది నూటికి తొంభై మందికి పనికిరాదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇప్పుడు పాయింట్ల వీసాలు. ఇక్కడ మీ శత్రువు వయసు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (ఎక్కువ పాయింట్లున్నవాళ్ళని డ్రాల్లో పీఆర్‌కి పిలిచే పద్ధతి) పెళ్ళికాని మనిషికి 29 ఏళ్ళ దాకా వయసు పాయింట్లు 110, 35కి 77, 40కి 50, 45కి సున్నా. అందుకే "పెళ్ళయ్యాక చూద్దాం, చెల్లి పెళ్ళి అయ్యాక చూద్దాం, ఇల్లు కట్టాక చూద్దాం" అనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఏడాదికి ఐదారు పాయింట్లు చేతులారా పారేసుకుంటున్నారు. దీనికి తోడు 2025 మార్చిలో జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు తీసేశారు, పీఆర్‌ల సంఖ్య కూడా 5 లక్షలు అనుకున్నది 2025కి 3,95,000కి తగ్గించారు. అక్కడే పనిచేసినవాళ్ళ డ్రాలకి కూడా కటాఫ్ ఐదొందల పైనే ఉంది కాబట్టి ఇండియాలో కూర్చుని ఇంగ్లీషు ఒక్కటే పెట్టుకుని పిలుపు రావడం కష్టం. ఒక్క సందు ఉంది, ఫ్రెంచ్. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రా పెడుతున్నారు, 2025 మార్చిలో కటాఫ్ 379 దాకా దిగింది. మా కజిన్ ఒకమ్మాయి లక్ష్మీపురంలో ఉండి ఏడాదిన్నర రోజూ తెల్లారుజామున ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంది, అందరూ "ఈ వయసులో కొత్త భాషేంటి" అన్నారు, ఇప్పుడు పీఆర్ మీద వెళ్ళింది. జర్మనీకి జర్మన్ నేర్చుకోవాలని భయపడి కెనడా అనేవాళ్ళు ఇది గమనించాలి, ఏదైనా ఒక భాష తప్పేట్టు లేదు.

ఆస్ట్రేలియాలో 45 నిండితే తలుపు మూసినట్టే. 25 నుంచి 32 లోపు వాళ్ళకి వయసుకి 30 పాయింట్లు, 33 నుంచి 39కి 25. 65 పాయింట్లుంటే అప్లై చేయొచ్చని కన్సల్టెన్సీ బోర్డుల మీద రాస్తారు, అది నిజమే గానీ సాఫ్ట్‌వేర్‌కి 65తో పిలుపు రాదు. ఇంకో దెబ్బ స్కిల్ అసెస్‌మెంట్ దగ్గర, ఐటీ వాళ్ళకి ఏసీఎస్ చేస్తుంది, వాళ్ళు మీ అనుభవంలోంచి రెండేళ్ళు కోసేసి మిగతాదే లెక్కలోకి తీసుకుంటారు, మెకానికలో సివిలో చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళకి (మన దగ్గర అలాంటోళ్ళే సగం మంది) కోత ఇంకా ఎక్కువ. అలాంటివాళ్ళు డబ్బు కట్టేముందే ఈ లెక్క వేసుకోవాలి. నర్సులు, టీచర్లు, సివిల్ ఇంజనీర్లుగా నిజంగా సైట్ మీద పనిచేసినవాళ్ళకి మాత్రం ఆస్ట్రేలియా చాలా మంచి దారి.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి నేను జర్మనీ ఎందుకు చెప్తానంటే, అక్కడ ఐటీ పనికి డిగ్రీ లేకపోయినా గత ఏడేళ్ళలో మూడేళ్ళ అనుభవం చూపిస్తే బ్లూ కార్డు ఇస్తారు. జీతం 2026కి ఏడాదికి 50,700 యూరోలు ఉండాలి, ఐటీ లాంటి కొరత ఉన్న పనులకి 45,934 చాలు. పర్మనెంట్ పర్మిట్ 27 నెలలకి, జర్మన్ భాష బీ1 (మధ్యస్థాయి) ఉంటే 21 నెలలకే. అమెరికాలో పన్నెండేళ్ళు ఎక్కడ, 21 నెలలు ఎక్కడ! భార్యకి భర్తకి భాషా పరీక్ష లేకుండానే వీసా, వచ్చిన రోజు నుంచే పనిచేసుకునే హక్కు. ఉద్యోగం ఇంకా దొరకనివాళ్ళకి 2024 జూన్ నుంచి ఆపర్చునిటీ కార్డు పెట్టారు, ఆరు పాయింట్లు ఉంటే ఏడాది అక్కడ ఉండి వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పార్ట్ టైం చేసుకోవచ్చు. కానీ దానికి నెలకి 1,091 యూరోల లెక్కన ఏడాది డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, అంటే 13 వేల యూరోల పైన. నా అభిప్రాయం సూటిగా చెప్తా, జర్మన్ అసలు రాకుండా ఆపర్చునిటీ కార్డు మీద రావొద్దు. ఇంగ్లీషుతో నడిచే ఉద్యోగాలు బెర్లిన్, మ్యూనిక్‌లలో ఉన్నాయి గానీ వాటికి మనిషి దిగేలోపే వందల రెజ్యూమెలు ఉంటాయి, ఆ ఏడాది డబ్బు కరిగిపోతుంటే గుండె దడదడలాడుతుంది. గుంటూరులో ఉండే ఇంటర్వ్యూలు ఇచ్చి ఆఫర్ తెచ్చుకుని బ్లూ కార్డు మీద రండి.

జీతాల్లో పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి చాలా కోత పడుతుంది, అది దాచి చెప్పను. సేవింగ్స్ కోసమే వెళ్ళేవాళ్ళకి జర్మనీ సరిపడదు.

ఐర్లాండ్ గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరెందుకో నాకు అర్థం కాదు. ఇంగ్లీషే, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద రెండేళ్ళు చేస్తే స్టాంప్ 4 వస్తుంది, ఆ తర్వాత ఏ కంపెనీలో అయినా చేసుకోవచ్చు, భార్యాభర్తలిద్దరూ మొదటి రోజు నుంచి పనిచేయొచ్చు. డబ్లిన్‌లో ఇల్లు దొరకడం మాత్రం నరకం.

యూకేకి ఇప్పుడు స్కిల్డ్ వర్కర్ మీద వెళ్ళమని నేను ఎవరికీ చెప్పట్లేదు. 2025 జులై నుంచి జీతం మామూలుగా 41,700 పౌండ్లు ఉండాలి, డిగ్రీ స్థాయి ఉద్యోగం అయ్యుండాలి. పెద్దవాళ్ళకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776 హెల్త్ సర్‌చార్జి, అదీ ముందే ఒకేసారి కట్టాలి. నలుగురి కుటుంబానికి ఐదేళ్ళకి లెక్కేస్తే 18,110 పౌండ్లు, మన డబ్బుల్లో 20 లక్షలు దాటుతుంది, వీసా ఫీజు ఇందులో లేదు. ఇంత కట్టి వెళ్ళాక ఐదేళ్ళకి వచ్చే సెటిల్‌మెంట్‌ని (అక్కడి పీఆర్) పదేళ్ళు చేస్తామని 2025లో వాళ్ళ ప్రభుత్వమే ప్రకటించింది. సింగపూర్ దగ్గర, శుభ్రం, తెలుగువాళ్ళు బోలెడంతమంది, కానీ కనీస జీతం 5,600 సింగపూర్ డాలర్లు, వయసు పెరిగేకొద్దీ ఆ కనీసం కూడా పెరుగుతుంది, భార్య పనిచేయాలంటే తనకి సొంత పాస్ కావాలి. ఒంటరిగా ఉండే కుర్రాళ్ళకి రెండు మూడేళ్ళకి బాగుంటుంది, ఇల్లు పెట్టుకోడానికి కాదు.

వ్యాపారం ఉన్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరే. మిర్చి యార్డు దగ్గర ఎక్స్‌పోర్ట్ చేసే మా నాన్న స్నేహితుడు ఒకాయన "కెనడా స్టార్టప్ వీసాకి పెట్టుకుందామా" అని అడిగారు. దానికి కొత్త అప్లికేషన్లు 2025 ఆఖరుతో ఆపేశారు, ఇప్పుడు ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బులడిగితే లేచి వచ్చేయండి. యూకేలో ఇన్నోవేటర్ ఫౌండర్ ఉంది, ఇదివరకటిలా 50,000 పౌండ్లు పెట్టాలనే రూలు 2023లో తీసేశారు, మూడేళ్ళకే సెటిల్‌మెంట్ అడగొచ్చు, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మీ ఐడియా కొత్తది, పెరిగేది అని వాళ్ళు ఒప్పుకున్న సంస్థ ఎండార్స్ చేయాలి. లండన్‌లో ఆంధ్రా మెస్ పెడతానంటే ఎంత రుచిగా వండినా ఆ కాగితం ఇవ్వరు.

ఆయనకి నేను చెప్పింది దుబాయ్. ఫ్రీజోన్‌లో కంపెనీ పెడితే రెండేళ్ళ వీసా, రెన్యూ చేసుకుంటూ పోవచ్చు, జీతం మీద ఇన్‌కం టాక్స్ లేదు, కంపెనీ లాభం 3,75,000 దిర్హాములు దాటితే 9 శాతం పన్ను. దుబాయ్‌లో పొద్దున బయల్దేరితే గన్నవరం మీదుగానో హైదరాబాద్ మీదుగానో రాత్రికి ఇంట్లో ఉంటాడు, యార్డు వ్యాపారం చెయ్యి జారదు. 20 లక్షల దిర్హాముల ఆస్తి కొంటే పదేళ్ళ గోల్డెన్ వీసా, మన డబ్బుల్లో నాలుగున్నర కోట్ల పైన. నెలకి 15,000 దిర్హాముల జీతం ఉన్న డిగ్రీ ఉద్యోగులకి ఐదేళ్ళ గ్రీన్ వీసా కూడా ఉంది, దానికి కంపెనీ స్పాన్సర్ అక్కర్లేదు. ఒక్కటే, అక్కడ పాతికేళ్ళు ఉన్నా పౌరసత్వం రాదని మనసులో అనుకునే వెళ్ళాలి. మా పిన్ని కొడుకు అలా అనుకునే వెళ్ళాడు, అందుకే ఉండవల్లి దగ్గర స్థలం కొనిపెట్టుకున్నాడు, ప్రశాంతంగా ఉన్నాడు.

పొలం అమ్మి ఈబీ5 (పెట్టుబడి మీద వచ్చే అమెరికా గ్రీన్ కార్డు) పెడదాం అనేవాళ్ళు రాజధాని చుట్టుపక్కల చాలామంది కనపడుతున్నారు, వాళ్ళకి ఈ ముక్క జాగ్రత్తగా చెప్పాలి. కనీసం 8 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో ఏడు కోట్లు దాటుతుంది, చట్టం ప్రకారం 2027 నుంచి ఈ మొత్తాన్ని సవరిస్తారు. అసలు సమస్య డబ్బు కాదు, దాని పుట్టుక. ప్రతి రూపాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం చూపించాలి. మన దగ్గర పొలం అమ్మితే రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతికొచ్చింది ఇంకోటి, ఆ మిగతాది నోట్ల కట్టల్లో వస్తుంది. ఆ కట్టలు అమెరికా ఫైల్లో పనికిరావు. అమ్మే రోజే మొత్తం బ్యాంకు ద్వారా తీసుకుని, పాస్‌బుక్కు, లింకు డాక్యుమెంట్లు తాతల నుంచి వరసగా పెట్టుకుంటేనే ఈ దారి. పైగా ఆర్‌బీఐ లెక్కన మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే పంపనిస్తారు, 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ముందు కట్టి తర్వాత రిటర్న్‌లో తీసుకోవాలి. నలుగురి పేర్ల మీద ఒకే ఏడాదిలోనో, ఇద్దరి పేర్ల మీద రెండు ఆర్థిక సంవత్సరాల్లోనో సర్దుకోవాల్సిన పని ఇది. ఇంకా ఒకటి, మీరు ఎన్‌ఆర్‌ఐ అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు అంతే. అమ్మిన పొలం మళ్ళీ కొనుక్కుందాంలే అనుకుంటే కుదరదు, ఇంట్లో పెద్దాయనకి ఈ మాట సంతకానికి ముందే చెప్పండి.

అమ్మానాన్నల విషయం కూడా ఇక్కడే ఆలోచించాలి. కెనడా పీఆర్ ఉంటే సూపర్ వీసా మీద ఒక్కసారికి ఐదేళ్ళు ఉంచుకోవచ్చు. జర్మనీలో 2024 మార్చి తర్వాత మొదటిసారి పర్మిట్ తీసుకున్న స్కిల్డ్ వాళ్ళకి తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వీలిచ్చారు, కానీ వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్ మీరే చూపించాలి, అదే పెద్ద ఖర్చు. యూకేలో అమ్మానాన్నల్ని పర్మనెంట్‌గా తెచ్చుకోడం దాదాపు జరగని పని. ఒక్కడే కొడుకు, ఒక్కతే కూతురు ఉన్న ఇళ్ళకి నేను జీతం కన్నా ముందు ఇదే అడుగుతా.

మనిషిని బట్టి చెప్పమంటే, 27 ఏళ్ళ కుర్రాడు ఫ్రెంచో జర్మనో ఒకటి ఇవాళే మొదలుపెట్టాలి, ఆస్ట్రేలియా స్కిల్ అసెస్‌మెంట్ పక్కన నడిపించుకోవాలి. 35లో ఉండి ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ పిల్లలు ఉంటే ముందు ఐర్లాండ్, జర్మనీ, తర్వాత కంపెనీ పంపితే ఎల్1. 42 దాటి వ్యాపారం ఉంటే దుబాయ్.

కన్సల్టెన్సీలు. మా వీధిలో ఒకతను విజయవాడలో ఒక ఆఫీసులో యూకే స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామంటే 12 లక్షలు కట్టాడు, వెళ్ళాక అక్కడ కంపెనీ ఉంది గానీ పని లేదు, నాలుగు నెలలకి ఆ కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ పోయింది, 60 రోజుల లెటర్ వచ్చింది. వాళ్ళమ్మ బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. స్పాన్సర్‌షిప్ అమ్మడం, కొనడం రెండూ తప్పే, అది ఏ దేశంలోనైనా అంతే. యూకే స్పాన్సర్ల లిస్టు ప్రభుత్వ సైట్‌లో ఊరికే దొరుకుతుంది, కెనడాకి అయితే సీఐసీసీలో (అక్కడ ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్స్ ఇచ్చే సంస్థ) రిజిస్టరైన కన్సల్టెంటేనా అని నంబర్ అడగండి, ఆస్ట్రేలియాకి మారా (అక్కడి వీసా ఏజెంట్ల రిజిస్ట్రేషన్) నంబర్ అడగండి. నంబర్ అడిగితే మాట మార్చేవాడి దగ్గర ఇంకో నిమిషం కూర్చోవద్దు. జర్మనీ బ్లూ కార్డుకి అసలు ఏజెంటే అక్కర్లేదు, నేను ఫారాలన్నీ నేనే నింపుకున్నా.

ఇవన్నీ పక్కనపెట్టి ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. టెన్త్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టండి. మన మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది, డిగ్రీలో ఇనిషియల్ ఒక్కటే ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానో తలకిందులుగానో ఉంటుంది. నాకు ఒక్క అక్షరం తేడాకి రెండు నెలలు పోయింది. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకుని, ఐఈఎల్‌టీఎస్ అదే పేరుతో రాసి, ఆ తర్వాతే ట్రాన్స్‌క్రిప్టులకి నాగార్జున యూనివర్సిటీకో కాకినాడ జేఎన్‌టీయూకో వెళ్ళండి, మీ కాలేజీ మీ బ్యాచ్‌లో దేని కింద ఉందో డిగ్రీ మీద చూసి మరీ బయల్దేరండి, మా ఫ్రెండ్ ఒకడు తెలీక కాకినాడ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.